డోసు పంపుకు జడ

రామదాసుకు ఆ పంపు మీదున్న ప్రేమ చూస్తే నాగలక్ష్మమ్మకు ఒళ్ళు మండేది. పెళ్లయి రెండేళ్లయినా పెళ్లాం ముక్కుపుడక ఏ వైపుందో చూడకుండా చెప్పలేని మనిషి, ఆ పంపుకు ఎక్కడెక్కడ ఎన్ని బోల్టులున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు. "నన్ను కాదు, దాన్ని కట్టుకోని ఉండాల్సింది" అని ఆమె వీధిలో అందరికీ చెప్పుకుని నవ్వేది. రామదాసు మాత్రం ఆ మాట నిజమేనేమో అన్నట్టు తల గోక్కునేవాడు.

అది డోసు పంపు. కదిరిలో శ్రీరంగప్ప సావుకారికి వేరుశనగ నూనె మిల్లు ఉంది. ఎనభై ఒకటిలో ఆయన మిల్లు వెనక చిన్న రిఫైనరీ కట్టించి, బొంబాయి నుంచి ఆ పంపు తెప్పించాడు. చూడ్డానికి మోకాలెత్తు కూడా ఉండదు. పని మాత్రం పెద్దది. ఆడించిన నూనెలో ఎంతో కొంత పులుపు ఉంటుంది. కాస్టిక్ సోడా నీళ్లు కలిపితే ఆ పులుపు సబ్బుమడ్డిగా మారి అడుక్కు దిగిపోతుంది, పైన తేట నూనె మిగులుతుంది. కానీ ఆ నీళ్లు లెక్క తప్పకుండా పడాలి. తక్కువైతే నూనె పులుపు వదలదు. ఎక్కువైతే పులుపుతో ఆగకుండా మంచి నూనెను కూడా సబ్బు చేసి కూర్చోబెడుతుంది. అలా కొలిచి పోసేదే డోసు పంపు. దాని పక్కన చిన్న చక్రం, చక్రం మీద సున్నా నుంచి పది దాకా అంకెలు. మిల్లు కెమిస్టు దివాకర్ పొద్దున్నే నూనె పరీక్ష చేసి "ఈ పూట నాలుగు" అంటే రామదాసు చక్రాన్ని నాలుగు మీద నిలబెట్టేవాడు.

నిలబెట్టి ఊరుకుంటే అతను రామదాసు ఎలా అవుతాడు? స్క్రూడ్రైవరు మొన పంపు తలకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. లోపల రెండు స్టీలు గుండ్లున్నాయి. ఒకటి లేచి సోడా నీళ్లు లోపలికి రానిస్తే, రెండోది లేచి బయటికి పంపిస్తుంది. టిక్కు, టక్కు, టిక్కు, టక్కు. ఆ చప్పుడులో ఒక్క టక్కు మొద్దుబారినా గుండు కింద నలక పడిందని అతనికి తెలిసిపోయేది. వెంటనే పంపు ఆపి, లోపల మంచినీళ్లు పారించి, కళ్ళద్దాలు పెట్టుకుని, పక్కన నిండు బకెట్టు ఉంచుకుని, వాల్వు విప్పి గుండు కడిగి పెట్టేవాడు. కాస్టిక్ ఒంటి మీద పడితే తోలు ఊడుతుంది. రెండేళ్లలో అతని చేతి మీద ఒక్క మచ్చ కూడా పడలేదు. అంత ఒద్దిక.

ఇంత ఒద్దిక ఉన్నవాడు పుట్టింది పంపుల ఇంట్లో కాదు, ధర్మవరంలో పట్టు నేసే ఇంట్లో. తండ్రి ఈశ్వరప్పకు మూడు మగ్గాలు. రామదాసు పన్నెండో ఏట మగ్గం గుంతలోకి దిగాడు, ఇరవై రెండో ఏట పైకి వచ్చి ఇక దిగనన్నాడు. ఇంట్లో పెద్ద రభసే జరిగింది. ఈశ్వరప్పకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ కొడుకంటే ప్రాణం. చివరికి ఒక గడువు పెట్టాడు.

"మూడు దసరాలు చూస్తా. అంతలోపల ఆ మిల్లులో నీకంటూ ఒక పని ఖాయం కావల్ల. కాకుంటే నోరెత్తకుండా వచ్చి మగ్గంలో కూర్చోవల్ల. ఏమంటావు?"

"సరే నాయనా."

ఇప్పుడు ఎనభై మూడు. మూడో దసరా పదిహేను రోజుల్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే పంపుకు జబ్బు చేసింది.

జబ్బు పెద్దదేమీ కాదు. పంపులో ఒక నున్నటి ఇనుప కడ్డీ ముందుకూ వెనక్కూ ఆడుతుంటుంది. సోడా నీళ్లను తోసేది అదే. కడ్డీ చుట్టూ నీళ్లు కారిపోకుండా అల్లిన తాడును చుట్లు చుట్లుగా పెట్టి, మీద ఒక బిళ్ళ వేసి రెండు నట్లతో బిగిస్తారు. ఆ తాడుకే ప్యాకింగు అని పేరు. కంపెనీ ఇచ్చిన ప్యాకింగు అరిగిపోయింది. కొత్తది పంపమని జాబు రాస్తే నెల పడుతుందని జవాబు వచ్చింది. దసరా ముందు గిరాకీలో మిల్లు నెల రోజులు ఎలా ఆగుతుంది? రామదాసు గోనె దారం తెచ్చి, పురి పెట్టి, గ్రీజు పూసి బిగించాడు.

గోనె దారం ఒక పూట నిలిచింది. రెండో పూట నుంచి కారడం మొదలెట్టింది. కారితే డోసు తగ్గుతుంది కదా అని రామదాసు చక్రాన్ని నాలుగు నుంచి ఎనిమిదికి తిప్పాడు. తర్వాత కారడం చూడలేక నట్లు గట్టిగా బిగించాడు. కారడం ఆగింది. ఆ సంబరంలో చక్రాన్ని మళ్ళీ నాలుగుకు తేవడం మరచిపోయాడు. సాయంత్రానికి ట్యాంకు మూత తీసి చూస్తే నూనె లేదు. ట్యాంకు నిండా పసుపుపచ్చటి సబ్బు, గరిటె గుచ్చితే నిలబడేంత చిక్కగా ఉంది.

శ్రీరంగప్ప సావుకారి వచ్చి ట్యాంకులోకి తొంగి చూసి తల పట్టుకున్నాడు. మిల్లులో వడపోత గుడ్డలు ఉతికే మారెక్క మాత్రం ఆ సబ్బులో ఇంత ముద్ద తీసి నీళ్లలో రుద్ది చూసి, "నురుగు బాగా వస్తాండాది సావుకారీ!" అంది. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వారం మిల్లు కూలీల ఇళ్ళలో బట్టలన్నీ తళతళ మెరిశాయి. రామదాసుకు సబ్బుల రామదాసు అని పేరు పడింది. వీధిలో పోతుంటే పిల్లలు కూడా అలాగే పిలిచేవాళ్లు. నాగలక్ష్మమ్మ వాళ్ల మీద గొంతు చేసుకుని, ఇంట్లోకి వచ్చి తలుపు చాటున కడుపుబ్బ నవ్వుకునేది.

ట్యాంకు సబ్బయిన మరునాడు సావుకారి రామదాసును పిలిపించాడు. ఆ మిల్లులో ఒక ఆచారం ఉంది. ఆయుధ పూజ నాడు ఏ యంత్రానికైనా హారతి ఇచ్చేది దాన్ని చూసుకునే మనిషే. సావుకారి కూడా హారతి పళ్ళెం ముట్టడు. ఎవరి చేతి హారతి పడితే వచ్చే దసరా దాకా ఆ యంత్రం వాళ్లది. దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. కాగితం మీద రాసిన ఉద్యోగం కన్నా అది గట్టిది. డోసు పంపుకు మాత్రం రెండు దసరాలుగా దివాకరే హారతి ఇస్తున్నాడు, రామదాసు ఇంకా కొత్తవాడని.

"రామదాసూ, ఈ తూరి పూజ నీ చేత్తోనే చేపించల్లనుకున్నె. నువ్వేమో సబ్బుల అంగడి పెడితివి." సావుకారి వేలు చూపించాడు. "ఇదో, చెప్తాండా విను. పండగ ముందురోజు పొద్దున ఏడుకు మొదలుపెట్టి సాయంత్రం ఆరు దాకా పంపు ఆగకుండా, కారకుండా ఆడల్ల. నూనె బాగుండాదని దివాకర్ చెప్పల్ల. అప్పుడు హారతి నీది. లేకుంటే కంపెనీకి టెలిగ్రాం కొడతా. వాళ్ల మనిషి వచ్చినాంక పంపు వానిది. ఇంగ నన్ను అడగొద్దు."

"అట్లనే సావుకారీ" అన్నాడు రామదాసు. హారతి దక్కకపోతే పని పోతుంది, పని పోతే మగ్గం గుంత నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. మగ్గమంటే అతనికి అసహ్యం లేదు. కానీ ఆ టిక్కు టక్కు వినకుండా తెల్లవారడం అతని ఊహకే అందలేదు.

పండగ ఇంకా నాలుగు రోజులుండగానే ఈశ్వరప్ప కదిరిలో దిగాడు. పండక్కి కొడుకును చూసిపోదామని వచ్చానన్నాడు. గడువు చూసుకోవడానికి వచ్చాడని ఇంట్లో అందరికీ తెలుసు. మర్నాడు మిల్లుకు వచ్చి, చేతులు వెనక కట్టుకుని పంపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"దీనికేనా నువ్వు ఇల్లు వదిలిపెట్టి వచ్చింది?"

"దీనికే నాయనా."

"ఏమి కట్టినావు దీనికి?"

"గోనె దారం."

ఈశ్వరప్ప ముఖం చిట్లించాడు. "ఛీ! నా కొడుకువై ఉండి గోనె దారమా? మనింట్లో ఉండే దారం కంటే గట్టి దారం ఈ లోకంలో యాడన్నా ఉండాదేమిరా? దేవునికి కట్టేది పట్టే, పెండ్లికి కట్టేది పట్టే. దీనికీ కట్టు."

రామదాసు ముఖం వెలిగిపోయింది. నిజమే కదా! పట్టు పోగు పట్టుకుని లాగితే వేలు తెగుతుంది గానీ పోగు తెగదు. ఇంత దగ్గర పెట్టుకుని గోనె దారం వెంట పడినందుకు తన్ను తానే తిట్టుకున్నాడు. అంతకన్నా, నాయన నోట పంపు గురించి ఒక సాయం మాట రావడం అదే మొదలు. ఈశ్వరప్ప ఆ పూటే రైలెక్కి ధర్మవరం పోయాడు. మగ్గం దించినప్పుడు మిగిలిన పడుగు కొసలు, నిమ్మపండు రంగువి, ఒక పెద్ద పిడికెడు తెచ్చాడు. అరుగు మీద కూర్చుని తానే పురి పెట్టాడు. తేనెమైనం పూసి, నున్నగా దిద్ది, కొడుకు చేతిలో పెట్టాడు. పురి పెట్టేటప్పుడు ఆయన వేళ్లు చూస్తుంటే రామదాసుకు చిన్నతనం గుర్తొచ్చింది.

పండగ ఇంక రెండు రోజులుంది అనగా పొద్దున పట్టు ప్యాకింగు ఎక్కింది. ఎంత అందంగా ఎక్కిందంటే, ఇనుప కడ్డీ చుట్టూ బంగారపు ఉంగరాలు తొడిగినట్టుంది. పంపు ఆడించారు. ఒక్క చుక్క కారలేదు. ఎనిమిది, తొమ్మిది, పది గంటలు దాటాయి. ఈశ్వరప్ప కుర్చీ వేయించుకుని కూర్చుని వచ్చిన వాళ్లందరికీ చెబుతున్నాడు. "మా పట్టు. ధర్మవరం పట్టు. నేనే పురి పెట్టినా." మారెక్క వచ్చి చూసి, "పంపుకు పట్టుచీర కట్టినారే! మాకెప్పుడు కడతారో" అని పోయింది.

పన్నెండున్నరకు ఒక చుక్క పడింది. ఒంటిగంటకు చుక్కలు ధార అయ్యాయి. రామదాసు నట్లు బిగించాడు. బిగించిన కొద్దీ బిళ్ళ లోపలికి దిగిపోతోంది గానీ కింద ఏమీ అడ్డం తగలడం లేదు. తర్వాత కడ్డీ పక్క నుంచి ఏదో జిగట బుడుక్కున బయటికి వచ్చింది. పంపు ఆపి, కడిగి, బిళ్ళ విప్పి చూశాడు. పట్టు లేదు. అక్కడ పట్టు ఉండేదన్న గుర్తు కూడా లేదు. పచ్చటి గంజి మాత్రం ఉంది.

"నా పట్టు యాడికి పోయె?" అని ఈశ్వరప్ప కుర్చీలోంచి లేచాడు. "ఎవురు తీసినారురా?"

"ఎవురూ తీయలేదు నాయనా. కరిగిపోయింది."

"పట్టు కరిగేదేందిరా? అదేమన్నా బెల్లమా?"

అప్పుడే నాగలక్ష్మమ్మ సంగటి గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. గిన్నె దించి, ఇద్దరి ముఖాలూ చూసి, పంపులో ఉన్న గంజి చూసి, సంగతంతా విన్నది. విన్నాక మామ ఎదురుగా ఉన్నాడన్న ఇంగితం కూడా లేకుండా పకపకా నవ్వింది.

"సోడాలో పట్టు ఏసినారా! మామా, నువ్వు గూడా ఒప్పుకుంటివా?"

"ఏమైతాది ఏస్తే?" అన్నాడు ఈశ్వరప్ప గడుసుగా.

"ధర్మవరంలో మా అమ్మ పట్టు ఉడికించేది నువ్వు చూడలేదా? పచ్చి పట్టు జిగురు పోవల్లంటే సబ్బూ చాకలిసోడా ఏసి ఉడకేస్తారు. ఆ రోంత సోడాకే, పొయ్యి మీద రవంతసేపు ఎక్కువుంటే పట్టు జబ్బుపడిపోతాది. మా అమ్మ నన్ను కొట్టిన దెబ్బలన్నీ దానికే. ఇదేమో కాస్టిక్. అందులోనూ పొద్దున కలిపినాంక ఉడుకుడుకుగా ఉంటాది. అట్లాంటిదాంట్లో ఏస్తే ఉంటాదా?"

ఈశ్వరప్ప ముప్పై ఐదేళ్లు పట్టు నేశాడు. కానీ పట్టు ఉడికించేది ఆడవాళ్ల పని. ఉడికి, ఆరి, మెరుస్తూ చేతికొచ్చిన పట్టే ఆయనకు తెలుసు. ఆ కుండ దగ్గరికి ఆయన గానీ ఆయన కొడుకు గానీ ఏనాడూ పోలేదు. ఊరిలో పసిపిల్లలకు తెలిసిన సంగతి ఇంత పెద్ద నేతగాడికి తెలియకపోవడం ఇప్పుడు ఆయనకే సిగ్గనిపించింది.

రామదాసు గచ్చు మీద కూలబడ్డాడు. "ఇంగ ఒక్క దినమే ఉండాది. గోనె నిలవలేదు, పట్టు నిలవలేదు. రేపు ఏమి కట్టల్ల దీనికి?"

ఆ గొంతు విని నాగలక్ష్మమ్మ నవ్వు ఆగిపోయింది. మొగుడి ముఖం అలా ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పంపు మీద తనకున్న అసూయంతా ఆ క్షణాన ఎటో పోయింది. ఎలాగైనా ఇది ఇతనికి దక్కాలి అనుకుంది. చుట్టూ చూసింది. తొట్టి దగ్గర మారెక్క వడపోత గుడ్డలు ఉతుకుతోంది. నూనె మడ్డి పట్టిన ఆ దళసరి గుడ్డలను ఆమె రోజూ వాడేసిన కాస్టిక్ నీళ్లలో నానబెట్టి ఉతుకుతుంది.

"మారెక్కా, ఆ గుడ్డలు సోడాలో యన్నాళ్లు నిలుస్తాయి?"

"నాకంటే ఎక్కువ నిలిచేట్లుండాయి తల్లీ. రెండేండ్లాయ ఈ గుడ్డ."

"కరిగిపోవా?"

"కరిగేదా? తొట్లో ఏస్తే ఇంగా బిగుసుకుంటాయి. కొత్త గుడ్డ అయితే జానెడు కుదించుకపోతాది. పిండల్లంటే చేతులు పడిపోతాయి."

నాగలక్ష్మమ్మ గుడ్డ కొస పట్టుకుని చూసింది. నూలు. ఉత్త నూలు. పట్టు సాలెల ఇంట్లో దీపం వత్తికీ, మసిగుడ్డకూ తప్ప దేనికీ పనికిరాదనుకునే నూలు. అందుకే రెండు వారాలుగా రామదాసు కళ్ళ ముందే ఆరేసి ఉన్నా ఒక్కసారి కూడా అతని చూపు దాని మీద పడలేదు. పడి ఉన్నా, గోనె దారమే ఆగనిచోట మెత్తటి నూలు ఏం ఆగుతుందిలే అనుకునేవాడు.

రామదాసు లేచి నిలబడ్డాడు. "బిగుసుకుంటాదా? సోడాలో బిగుసుకుంటాదా?" అని మారెక్కను మూడుసార్లు అడిగాడు. మూడోసారికి ఆమె తడి గుడ్డతో కొట్టబోయింది.

చినిగిన గుడ్డలు రెండు తెచ్చి పోగులు లాగడం మొదలెట్టారు. మారెక్క లాగింది, ఈశ్వరప్ప చిక్కులు తీసి సమం చేశాడు. నూలు ముట్టుకున్నందుకు మొదట కాస్త మూలిగాడు గానీ, పోగు చేతికొచ్చాక ఆయన వేళ్లు ఊరుకుంటాయా? వద్దన్నా ఒద్దికగా పేర్చేశాయి. పురి పెట్టబోతే కోడలు ఆపింది.

"పురి ఒద్దు మామా. పురి పెడితే ఒక పోగు తెగినా అంతా విప్పుకుంటాది. జడ అల్లుతా. నాలుగు పాయల జడ."

మిల్లు వరండాలో కాలి బొటనవేలికి ముడి తగిలించి, నాగలక్ష్మమ్మ జడ అల్లింది. నాలుగు పాయలు, నలుచదరంగా, ఎక్కడా ఎత్తూ పల్లమూ లేకుండా. అల్లుతున్నంతసేపూ ఆమె మొగుడి మీద విసుర్లు వేస్తూనే ఉంది. "నా జడకు ఒక మూర పూలు తేలేదు గానీ, దీనికి జడ ఏపిస్తాండాడు చూడు మారెక్కా." మారెక్క "రేపు పూలు గూడా పెట్టిస్తాడులే" అంది. రామదాసు ఆ జడను కొలిచి ఐదు ముక్కలుగా కోశాడు. ఒక్కో ముక్కకూ గ్రీజు దట్టంగా పట్టించి, కడ్డీ చుట్టూ ఉంగరంలా వేసి, ఒక ఉంగరం అతుకు పైన ఇంకో ఉంగరం అతుకు రాకుండా పక్కలకు తిప్పి పెట్టాడు. బిళ్ళ వేసి నట్లు చేత్తో మాత్రమే బిగించాడు. ఆ రోజుకు పానా ముట్టలేదు.

పండగ ముందురోజు పొద్దున ఏడింటికి సావుకారి గడియారం చూసుకుని చేయెత్తాడు. రామదాసు స్విచ్చి వేశాడు. టిక్కు, టక్కు. జడ పక్క నుంచి నిమిషానికి నాలుగైదు చుక్కలు రాలాయి. దివాకర్ చక్రం నాలుగు అన్నాడు. రామదాసు గాజు కొలపాత్ర పట్టి, గడియారం చూసి, నిమిషానికి ఎంత పడుతోందో కొలిచి, చుక్కల్లో పోయేది కలుపుకుని నాలుగుంపావు మీద పెట్టాడు. ఎనిమిదికి చుక్కలు రెండయ్యాయి. తొమ్మిదికి పూర్తిగా ఆగిపోయాయి. జడ సోడా తాగి ఉబ్బుతోంది. రామదాసు చక్రాన్ని తిరిగి నాలుగుకు తెచ్చాడు, ఈసారి మరచిపోలేదు. సావుకారి ముఖంలో నవ్వు కనబడింది.

రామదాసు ముఖంలో మాత్రం నవ్వు లేదు. పదకొండింటికి చప్పుడు మారింది. గుండ్ల చప్పుడు కాదు, మోటారు మూలుగు. జడ మరీ ఉబ్బి కడ్డీని పట్టేస్తోంది. ఇలాగే ఉంటే కడ్డీ వేడెక్కి గీతలు పడుతుంది, మోటారు కాలుతుంది. ఆపితే సావుకారి పెట్టిన షరతు తప్పుతుంది.

"ఏమైందప్పా?" అన్నాడు సావుకారి. రామదాసు పానా అందుకుని కూర్చున్నాడు. ఒక నట్టు పావు చుట్టు వదులు చేశాడు. ఆగాడు. రెండోది పావు చుట్టు. ఆగాడు. పంపు మెడ మీద రెండు వేళ్లు ఆనించి ఉంచాడు. ఎక్కువ వదిలితే ధార కడుతుంది. చాలకపోతే మోటారు పోతుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట ఉంది, అది ఏ పుస్తకంలోనూ లేదు. చిన్నప్పటి నుంచి పడుగు బిగువు వేలి కొసతో చూసిన చెయ్యి అది. తండ్రి కుర్చీ వదిలి వచ్చి వెనక వంగి నిలబడ్డాడు. ఆయనకు పంపు సంగతి ఏమీ తెలియదు. కానీ కొడుకు చేతిని మాత్రం చూస్తున్నాడు.

ఇంకొక్క రవ్వ. ఇంకొక్క రవ్వ. మోటారు మూలుగు మెల్లగా తగ్గింది. జడ అంచున ఒక చుక్క ఊరి, మెరిసి, తీరిగ్గా రాలింది.

"చాలు" అన్నాడు ఈశ్వరప్ప. సరిగ్గా అదే క్షణంలో రామదాసు పానా తీసేశాడు. తండ్రి మాట ముందో, కొడుకు చెయ్యి ముందో పక్కనున్న మారెక్క కూడా చెప్పలేకపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈశ్వరప్ప తల ఆడిస్తూ పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా అన్నం తినడానికి కూడా అక్కడి నుంచి లేవలేదు.

ఆరింటికి దివాకర్ గాజు సీసాలో నూనె పట్టి వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపలికి పోయి పరీక్ష చేసి వచ్చాడు. వస్తూ వస్తూనే నవ్వుతున్నాడు. "సావుకారీ, ఈ ఏడాదిలో ఇంత మంచి నూనె రాలేదు" అన్నాడు. మారెక్క కూత పెట్టింది. రామదాసు పంపు పక్కనే కూర్చుని దాని మీద చెయ్యి వేసి, ఎవరేమనుకుంటారన్నది లేకుండా గట్టిగా నవ్వాడు. జన్మలో ఇంత సంతోషం తనకు కలుగుతుందని అతను అనుకోలేదు.

మర్నాడు ఆయుధ పూజ. యంత్రాలన్నీ కడిగి పసుపు కుంకుమలు పెట్టారు. డోసు పంపుకు బంతిపూల దండ పడింది. సావుకారి హారతి పళ్ళెం వైపు చేయి చూపించి రామదాసును పిలిచాడు. రామదాసు పళ్ళెం అందుకుని, ఒక అడుగు పక్కకు జరిగాడు.

"నాగలక్ష్మీ, నువ్వూ రా. మారెక్కా, నువ్వూ పట్టు. దీంట్లో మీ చేతులు గూడా ఉండాయి."

"ముగ్గురు ఇస్తే పంపు ముగ్గురిది అవుతాదప్పా. మా ఆచారం తెలుసు గదా" అన్నాడు సావుకారి.

"కానీండి సావుకారీ. జడ అరిగితే అల్లేది ఎవురు, నేనా?"

సావుకారి "సరే, కానీ" అన్నాడు. ఆరు చేతులు ఒకే పళ్ళెం పట్టుకుని హారతి ఇచ్చాయి. కర్పూరం పొగకు కళ్ళు మండుతున్నాయని నాగలక్ష్మమ్మ కొంగుతో తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఈశ్వరప్పను బస్సెక్కించడానికి మొగుడూ పెళ్లాం బస్టాండుకు వచ్చారు. మిల్లు నుంచి అక్కడిదాకా ఆయన గడువు మాట ఎత్తలేదు, మగ్గం మాట ఎత్తలేదు. పని దక్కింది, సరే. కానీ నాయన మనసులో ఏముందో? ఈశ్వరప్ప బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో ధర్మవరం పట్టు దళారి తిప్పేస్వామి ఉన్నాడు. ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు.

"ఏమప్పా ఈశ్వరప్పా, కొడుకును తోడుకోని పోతానంటివే? మగ్గం ఖాళీగా ఉండాదని, దసరాకు పిల్చకొస్తానని ఊరంతా చెప్పినావే! యాడ మీవాడు?"

ఈశ్వరప్ప కిటికీలోంచి కిందికి చూశాడు.

"వాడు రాడు" అన్నాడు ఈశ్వరప్ప. బస్సు మొత్తానికీ, బయట శనగలమ్మే వాడికీ వినబడేంత గట్టిగా అన్నాడు. "వానికి ఈడ పని ఉండాది. నా కొడుకు పంపు మేస్త్రి."

బస్సు కదిలింది. రామదాసు తల దించుకుని, కదులుతున్న బస్సు వెనక చక్రాన్ని తదేకంగా చూస్తూ నిలబడ్డాడు. బస్సు మలుపు తిరిగి పోయినా తల ఎత్తలేదు.

నాగలక్ష్మమ్మ మోచేత్తో పొడిచింది. "పోయిన చక్రం ఇంగా చూస్తాండావు, దాన్ని గూడా రిపేరు చేస్తావా ఏమి? కండ్లు తుడ్చుకో మేస్త్రీ, జనం చూస్తాండారు."

రామదాసు ఏడుస్తూనే నవ్వాడు.